గెడ్డ నీటితో, ఎండతో ఇంటి కరెంటు: కొలత మొదలు వైరింగు దాకా

ఒడిశా దక్షిణాన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, పొట్టంగి ప్రాంతాల్లో కొండ వాలున ఇల్లో, జీడితోటో ఉన్న తెలుగువారికి కరెంటు కొత్త కాదు. ఆంధ్ర, ఒడిశాలు ఉమ్మడిగా కట్టుకున్న మాచ్‌ఖండ్ కేంద్రం 1955 నుంచి ఈ కొండల నీటితోనే నడుస్తోంది. ఎగువ కొలాబు, ఇంద్రావతి కేంద్రాలు కూడా ఇక్కడి నీటి మీదే ఆధారపడి ఉన్నాయి. అయినా ఆ విద్యుత్తు పెద్ద లైన్లెక్కి ఎక్కడెక్కడో తిరిగి, చివరికి అడవి గుండా వచ్చే ఒక సన్నని తీగ మీద మన తోటకు చేరుతుంది. గాలివానకు ఆ తీగ మీద కొమ్మ పడితే మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్పలేము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు చాలా ఊళ్ళు చీకట్లో ఉండిపోయాయి. ఇంటి దగ్గరే కొంత కరెంటు పుట్టించుకోవాలన్న కోరిక చాలామందికి కలిగింది అప్పుడే. ఆ పని ఎలా చేయాలో, ఎక్కడ డబ్బు వృథా అవుతుందో ఈ వ్యాసంలో వివరిస్తాను. ముందు గెడ్డ, అంటే కొండవాగు, నీటి సంగతి ఎక్కువగా చెప్పి, తరువాత సౌర పలకల దగ్గరకు వస్తాను. పలకల గురించి చెప్పేవారు ఊరికి పదిమంది ఉన్నారు, గెడ్డ గురించి చెప్పేవారే తక్కువ.

ముందు ఇంటి లెక్క

యంత్రం కొనే ముందు ఒక కాగితం తీసుకుని, లైను పోయిన రాత్రి మీకు తప్పనిసరిగా కావలసినవి ఏవో రాయండి. 9 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు మూడు అయిదు గంటలు వెలిగితే 135 వాట్-గంటలు, తక్కువ కరెంటు తీసుకునే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు రెండు తొమ్మిది గంటలు తిరిగితే 540, టీవీ మూడు గంటలు చూస్తే 180, ఫోన్ల చార్జింగుకు ఓ 30 అనుకుంటే, మొత్తం 885 వాట్-గంటలు అవుతుంది. వెయ్యి వాట్-గంటలు ఒక యూనిట్ కనుక ఇది యూనిట్‌కు కొంచెం తక్కువ. అవే ఫ్యాన్లు పాతకాలపు 75 వాట్లవైతే ఆ రెండింటికే 1,350 వాట్-గంటలు పోతాయి. యంత్రం పెద్దది చేసుకోవడం కన్నా ఫ్యాన్లు మార్చుకోవడం చవక అన్నది ఈ లెక్కలోనే తేలిపోతుంది. ఈ పనిలో దిగిన ఎవరికైనా నేను మొదట చెప్పేది ఫ్యాన్లు మార్చమనే.

మిక్సీ, నీటి మోటారు, ఫ్రిజ్ వంటివాటిని విడిగా రాసుకోండి. ఇవి వాడుకునే మొత్తం కన్నా ఒక్కసారిగా లాగే శక్తి ముఖ్యం. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు 750 వాట్ల పైన తీసుకున్నా, బయలుదేరేటప్పుడు అంతకు చాలా రెట్లు లాగుతుంది.

గెడ్డను కొలవడం

నీటి నుంచి ఎంత శక్తి వస్తుందో తేల్చేవి రెండే: సెకనుకు ఎన్ని లీటర్లు పారుతోంది, ఎన్ని మీటర్ల ఎత్తు నుంచి పడుతోంది. ఈ రెంటినీ గుణించి, వచ్చినదాన్ని మళ్ళీ 5తో గుణిస్తే మీ చేతికి వచ్చే వాట్లు సుమారుగా తెలుస్తాయి. భూమ్యాకర్షణ లెక్క ప్రకారం 9.81తో గుణించాలి, గొట్టంలో, చక్రంలో, జనరేటరులో కలిపి దాదాపు సగం పోతుంది కనుక చిన్న యంత్రాలకు 5 అని పట్టుకుంటాము. సెకనుకు 5 లీటర్లు, 20 మీటర్ల ఎత్తు ఉంటే 500 వాట్లు వస్తాయి. ఇది తక్కువని పెదవి విరవకండి. గెడ్డ రాత్రీ పగలూ పారుతుంది కాబట్టి 500 వాట్లు ఇరవై నాలుగు గంటల్లో 12 యూనిట్లు అవుతాయి. అంత రావాలంటే ఎండలో 3 కిలోవాట్ల సౌర పలకలు ఉండాలి. 10 మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 2 లీటర్లే పడే చిన్న ధార కూడా 100 వాట్లు, అంటే రోజుకు 2.4 యూనిట్లు ఇస్తుంది. పైన రాసిన రాత్రి లెక్కకు అది రెండున్నర రెట్లకు పైనే.

నీటిని కొలిచే కాలం గురించి నా అనుభవం చెప్పాలి. మొదటిసారి నేను కార్తీకంలో కొలిచాను. గెడ్డ నిండుగా ఉంది, కిలోవాట్ వస్తుందని లెక్క వేసుకుని గొట్టాలు కొన్నాను. వైశాఖం వచ్చేసరికి రాళ్ళ మధ్య వేలెడు ధార మిగిలింది. అందువల్ల తొలకరికి ముందు, మే నెలాఖరున కొలిచిన అంకెనే నమ్మండి. మిగతా నెలల్లో వచ్చేది లాభం అనుకోండి. వీలైతే సంవత్సరం పొడుగునా నెలకొకసారి కొలిచి పుస్తకంలో రాయండి. గెడ్డ ఒడ్డున ఏళ్ళ తరబడి పశువులు మేపిన పెద్దలను అడిగితే ఏ వేసవిలో ఎండిపోయిందో, ఏ వానకు ఎంత ఎత్తు పొంగిందో చెబుతారు. ఈ రెండో సంగతి తరువాత యంత్రం గదికి చోటు చూసుకునేటప్పుడు పనికొస్తుంది.

చిన్న ధారైతే మట్టితో కట్టుకట్టి నీరంతా ఒక గొట్టంలోకి మళ్ళించి 15 లీటర్ల బకెట్ పెట్టండి. మూడు సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు. ధార పెద్దదైతే గెడ్డ తిన్నగా, ఒకే లోతున పారే అయిదు మీటర్ల ముక్క చూసుకుని, వెడల్పును సగటు లోతుతో గుణించి, ఎండిన కొమ్మ ముక్కను నీటిలో వదిలి ఎన్ని సెకన్లలో ఆ దూరం పోతుందో చూడండి. వెడల్పు 0.6 మీటర్లు, లోతు 0.1 మీటరు, పుల్ల అయిదు మీటర్లు పోవడానికి పది సెకన్లు పట్టిందనుకుంటే, 0.6ను 0.1తో, ఆపై సెకనుకు 0.5 మీటర్ల వేగంతో గుణించాలి. రాళ్ళ గెడ్డలో అడుగు నీరు పై నీటి కన్నా మెల్లగా పోతుంది కనుక దాన్ని మళ్ళీ 0.7తో గుణిస్తే సెకనుకు 21 లీటర్లు వస్తుంది. ఇదే పనిని మూడు నాలుగుసార్లు చేసి సగటు తీసుకోవాలి.

ఎత్తు కొలవడానికి తాపీ మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక గొట్టం చాలు. దాన్ని బుడగలు లేకుండా నీటితో నింపి, కింది మనిషి ఒక చివరను కంటి ఎత్తున పట్టుకోవాలి. వాలు పైకి ఎక్కిన మనిషి రెండో చివరను నేలకు ఆనించి, నీరు రెండు చివరల అంచులకూ సరిగ్గా చేరి నిలిచిన చోట రాయి పెట్టాలి. కింది మనిషి ఆ రాయి దగ్గరకు వచ్చి మళ్ళీ మొదలుపెట్టాలి. కంటి ఎత్తు మీటరున్నర అయి, పదమూడు మెట్లు వచ్చాయంటే ఎత్తు 19.5 మీటర్లు. గొట్టాలు వేసిన తరువాత సరిచూసుకోవడానికి కింద ప్రెషర్ గేజ్ బిగించి, నీరు కదలకుండా ఆపి చదివితే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడికి 10 మీటర్ల ఎత్తు లెక్కన తెలుస్తుంది.

గొట్టం, మళ్ళింపు

ఎత్తు ఎంత ఉన్నా గొట్టం సన్ననిదైతే ఆ ఎత్తు మీకు దక్కదు. సెకనుకు 5 లీటర్ల నీరు వంద మీటర్లు పోవాలనుకుందాము. లోపలి వ్యాసం 55 మిల్లీమీటర్లున్న గొట్టంలో రాపిడికి సుమారు 8 మీటర్ల ఎత్తు పోతుంది, అంటే ఇరవైలో ఎనిమిది! 66 మిల్లీమీటర్లుంటే మూడు మీటర్లకు పైగా పోతుంది. 97 మిల్లీమీటర్లకు పెంచితే అర మీటరే పోతుంది. దుకాణంలో చెప్పే 63, 75, 110 అంకెలు బయటి వ్యాసాలని మరచిపోకండి. పెద్ద గొట్టానికి పెట్టిన డబ్బు ఏటా తిరిగి వస్తూనే ఉంటుంది, కనుక పొదుపు చేయాలనుకుంటే ఇంకెక్కడైనా చేయండి. ఇరవై మీటర్ల ఎత్తుకు నిలకడ ఒత్తిడి 2 కిలోలే అయినా, వాల్వు ఒక్కసారిగా మూస్తే నీటి దెబ్బకు ఒత్తిడి బాగా పెరిగి కింది గొట్టం పగలవచ్చు. అందుకే 6 కిలోలు తట్టుకునే నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గొట్టం వేసి, వాల్వును ఎప్పుడూ నెమ్మదిగా తిప్పి మూయాలి. ఎండకూ, పశువుల కాళ్ళకూ చెడకుండా దాన్ని మట్టిలో పూడ్చడం మేలు.

పైన ఆనకట్ట కట్టాలని ఉబలాటపడకండి. మోకాలి లోతు చిన్న కట్టు, దాని పక్కన ఇసుక పేరుకునే ఒక తొట్టె, తొట్టెలోంచి గొట్టంలోకి పోయే చోట ఆకులను ఆపే జాలీ ఉంటే సరిపోతుంది. శ్రావణంలో వరద వచ్చినప్పుడు కట్టు కొట్టుకుపోయినా తిరిగి రాళ్ళు పేర్చుకునేంత తేలికగా ఉండాలి. గెడ్డ నీరంతా గొట్టంలోకి తీసుకోవద్దు. కింద ఇంకొకరి మడి ఉంటుంది, చేపలుంటాయి, ఎండాకాలంలో పశువులు దిగుతాయి. యంత్రం వాడుకున్న నీటిని మళ్ళీ అదే గెడ్డలో కలపాలి. యంత్రం గదిని మాత్రం పెద్దలు చూపించిన వరద గుర్తు కన్నా పైన కట్టండి. ఒక మీటరు ఎత్తు తగ్గినా పోయేదేమీ లేదు.

యంత్రం

ఇరవై మీటర్లు దాటిన ఎత్తు, తక్కువ నీరు ఉన్న చోట గిన్నెల చక్రం, అంటే పెల్టన్, బాగా పనిచేస్తుంది. ఎత్తు తక్కువగా, నీరు ఎక్కువగా ఉంటే నీరు రెక్కల మధ్య అడ్డంగా దూసుకుపోయే క్రాస్‌ఫ్లో చక్రం చూడాలి. ఈ రెండూ కాక, మామూలు సెంట్రిఫ్యూగల్ పంపులోకి వెనుక వైపు నుంచి నీరు పంపి తిప్పే పద్ధతి ఒకటుంది. ఇది చవక, విడిభాగాలు బజారులో దొరుకుతాయి, పాడైతే ఏ వైండింగ్ షాపులోనైనా బాగవుతుంది. అయితే అది ఒకే నీటి మోతాదుకు సరిపోతుంది. నీరు తగ్గితే చతికిలబడుతుంది. మన గెడ్డలు ఋతువును బట్టి మారేవి కనుక, నీటిని చక్రం మీదికి చిమ్మే ముక్కులు రెండు మూడు ఉండి ఒక్కొక్కటిగా మూసుకోగల పెల్టన్ చక్రమే మంచిదని నా అభిప్రాయం. వానల్లో మూడు ముక్కులు తెరిచి, మాఘం వచ్చేసరికి ఒకదానితో నడుపుకోవచ్చు.

విద్యుత్తు పుట్టించే భాగానికి రెండు దారులు ఉన్నాయి. అయస్కాంతాల ఆల్టర్నేటరు పెట్టి బ్యాటరీలు నింపుకుని, అక్కడి నుంచి ఇన్వర్టరు ద్వారా వాడుకోవడం ఒకటి. రెండోది, మూడు ఫేజుల ఇండక్షన్ మోటారునే కెపాసిటర్లు తగిలించి జనరేటరుగా మార్చి నేరుగా 230 వోల్టులు తీసుకోవడం. రెండోదానికి కెపాసిటర్ల లెక్క తెలిసిన ఎలక్ట్రీషియన్ తప్పనిసరి. ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. మొదటి దారిలో అయిదు వందల వాట్ల యంత్రంతో కూడా, ఇన్వర్టరు తగినంత పెద్దదైతే, బ్యాటరీ సాయంతో నీటి మోటారు కాసేపు నడపవచ్చు. ఒకే ఇంటికైతే నేను మొదటి దారినే సిఫార్సు చేస్తాను.

ఏ దారి ఎంచుకున్నా, ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో ముందే ఆలోచించాలి. నీరు మాత్రం చక్రాన్ని తోస్తూనే ఉంటుంది. మోయడానికి బరువు లేక చక్రం మామూలు వేగానికి దాదాపు రెట్టింపు వేగం అందుకుంటుంది, వోల్టేజి పైకి పోయి టీవీ, ఫోన్ చార్జర్లు మాడిపోతాయి. అందుకని లోడ్ కంట్రోలరు అనే పెట్టె పెట్టి, ఇంటికి అక్కర్లేని కరెంటును నీళ్ళు కాచే కాయిల్‌లోకి మళ్ళించాలి. స్నానానికి వేడినీళ్ళు ఊరికే దొరుకుతాయి. కొండ మీద మార్గశిర మాసపు తెల్లవారుఝామున దాని విలువ తెలుస్తుంది.

దూరం తినే కరెంటు

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. యంత్రం గెడ్డ దగ్గర 24 వోల్టులు ఇస్తోంది, ఇల్లు 200 మీటర్ల దూరంలో ఉంది, మధ్యలో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశారనుకుందాము. 500 వాట్లకు 24 వోల్టుల దగ్గర 21 ఆంపియర్లు పారాలి. పోను, రాను కలిపి 400 మీటర్ల తీగ నిరోధం దాదాపు 1.8 ఓములు. రెండింటినీ గుణిస్తే 38 వోల్టులు పోవాలి, ఉన్నవే 24! అంటే దీపం వెలగనే వెలగదు. అదే 500 వాట్లను 230 వోల్టులుగా మార్చి అదే తీగలో పంపితే పారేది 2.2 ఆంపియర్లు, పోయేది 4 వోల్టులు మాత్రమే. కాబట్టి బ్యాటరీలు, ఇన్వర్టరు యంత్రం గదిలోనే పెట్టి, ఇంటికి 230 వోల్టులు పంపండి. లేదా నీటిని గొట్టంలో ఇంటి దగ్గరి వరకు తెచ్చి యంత్రాన్ని అక్కడే పెట్టండి. దానికి వాలు కలిసి రావాలి, గొట్టం పొడుగు పెరిగిన మేరకు రాపిడిని మళ్ళీ లెక్క వేసుకోవాలి. బ్యాటరీకి, ఇన్వర్టరుకు మధ్య దూరం కొద్ది అడుగులకు మించకుండా, తీగ 16 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి. ఇన్వర్టరు కిలోవాట్ దాటితే ఇంకా లావు తీగ కావాలి.

గెడ్డ లేనివారికి, ఎండాకాలానికి

గెడ్డ ఎండే నెలల్లోనే ఎండ మండుతుంది, మబ్బు కమ్మే నెలల్లోనే గెడ్డ నిండుతుంది. ఒకటున్న చోట రెండోదాన్ని చిన్నగా జోడించుకోవడం వల్ల బ్యాటరీ ఖర్చు తగ్గుతుంది. ఒక కిలోవాట్ పలకలకు దాదాపు వంద చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి. సగటున రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి, వానాకాలంలో ఇంకా తక్కువ. మన ప్రాంతం 19 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూగా ఉంది కనుక పలకలను దక్షిణానికి తిప్పి సుమారు అంతే వాలుగా పెట్టాలి. కొబ్బరి మట్ట నీడ ఒక్క పలక మీద పడినా దానితో వరుసగా కలిపిన పలకలన్నిటి ఉత్పత్తి పడిపోవచ్చు.

కప్పు మీద సౌర పలకలుంటే లైను పోయినా ఇంట్లో కరెంటు ఉంటుందన్న అపోహ గురించి ఇప్పుడు చెబుతాను. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి కప్పు మీది సౌర పలకలకు కేంద్రం మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం మీద 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఇస్తుంది. ఇది లైనుకు కలిపే పద్ధతి కనుక ఒడిశా దక్షిణ జిల్లాల్లో పంపిణీ చూసే టాటా పవర్ సదరన్ ఒడిశా సంస్థ దగ్గర, లైనుకు పంపిన కరెంటునూ తీసుకున్నదాన్నీ లెక్కగట్టే నెట్ మీటరు పెట్టించుకోవాలి. బిల్లు తగ్గించుకోవడానికి ఇది మంచిదే. కానీ బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు, లైను పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మీ ఇంటి కరెంటు తగలకుండా అలా తయారుచేశారు. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా, తుపాను తరువాత ఆ ఇంట్లో ఫ్యాను తిరగదు. మాకు తెలిసిన ఒకాయన ఈ సంగతి చెప్పకుండా అమ్మిన దుకాణం మీద ఎంత కోపపడినా, లోపం యంత్రంలో లేదు, ఎంపికలో ఉంది. లైను లేనప్పుడు కూడా కావాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు అని అడిగి, కాగితం మీద రాయించుకోండి.

బ్యాటరీ లెక్క సులువు. 12 వోల్టుల 150 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో 1.8 యూనిట్లు ఉంటాయి. అది చాలాకాలం బతకాలంటే సగానికి మించి వాడకూడదు. అంటే 0.9 యూనిట్, మొదట రాసిన రాత్రి లెక్కకు ఒక్కటి అంచున సరిపోతుంది. ఇన్వర్టరు కూడా కొంత తింటుంది కనుక వయసు పెరిగిన బ్యాటరీతో ఇబ్బంది వస్తుంది; ఒక రాత్రికి బదులు రెండు రాత్రులు ఆలోచించేవారు రెండు కొనాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు, డిస్టిల్డ్ వాటర్ పోయనక్కర్లేదు.

పలకల ఊతాలను రేకుల మీద పైపైన బిగించవద్దు. తిత్లీ తరువాత చూసిన నేలకొరిగిన కొబ్బరిచెట్లను గుర్తు చేసుకుని, కాంక్రీటులో నాటిన స్తంభాలకు నట్లు, వాషర్లతో బిగించండి. పలకలకూ, ఊతాలకూ, ఇన్వర్టరుకూ ఎర్త్ తప్పనిసరి. మన కొండల్లో పిడుగులు తక్కువేమీ కాదు.

అనుమతులు, జాగ్రత్తలు

సొంత వాడకానికి విద్యుత్తు పుట్టించుకోవడానికి 2003 విద్యుత్ చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అయితే నీరు, నేల వేరే విషయాలు. గొట్టం అటవీ భూమి గుండా పోతే అటవీ శాఖ అనుమతి లేకుండా పలుగు కూడా దించకండి. రాయగడ, కొరాపుట్ జిల్లాలు షెడ్యూల్డ్ ప్రాంతం. గజపతి జిల్లాలో గుమ్మ, రాయగడ బ్లాకులు కూడా అంతే. ఈ రెండో రాయగడ వేరు, జిల్లా కేంద్రమైన రాయగడ వేరు. కాగితాల్లో రెండూ కలిసిపోకుండా చూసుకోండి. అక్కడ గ్రామసభ మాటకు బలం ఉంది. కొండ మీది సవర, కోదు కుటుంబాలు ఆ గెడ్డను మీకన్నా ముందు నుంచి వాడుకుంటున్నవారు కనుక, గొట్టం కొనకముందే వారితో కూర్చుని మాట్లాడి, ఒకటి రెండు ఇళ్ళకు దీపాలు ఇవ్వగలిగితే ఇవ్వండి. జాలీలో ఆకులు ఇరుక్కున్నాయని ముందుగా చూసేది వారే.

లైను కరెంటు కూడా ఉన్న ఇంట్లో మీ కరెంటునూ, దాన్నీ ఒకేసారి కలవనివ్వని చేంజోవర్ స్విచ్ తప్పనిసరిగా పెట్టాలి. ఇది లేక మీ కరెంటు లైనులోకి వెనక్కి పోతే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర వేల వోల్టులుగా మారి లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఒకటికి ఇద్దరు ఎలక్ట్రీషియన్లకు చూపించండి.

నడక మొదలైన తరువాత రోజువారీ పని ఒక్కటే: ఉదయం జాలీ మీది ఆకులు తీయడం. వానాకాలంలో సాయంత్రం కూడా తీయాలి. వారానికొకసారి ఇసుక తొట్టె ఖాళీ చేయాలి. ఆ ఇసుక గొట్టంలోకి దిగితే ముక్కులూ, గిన్నెలూ అరిగిపోతాయి. యంత్రం మోతలో గీరుడు వినిపిస్తే బేరింగు అయిపోతోందని అర్థం. బేరింగులు రెండు, ముక్కు ఒకటి, ఫ్యూజులు, కంట్రోలరు బోర్డు ఒకటి గూటిలో పెట్టుకోండి. బేరింగు సంఖ్య, మోటారు వివరాలు, గొట్టం వ్యాసాలు, నెలనెలా కొలిచిన నీటి అంకెలు అదే పుస్తకంలో రాసి, ఆ పుస్తకాన్ని యంత్రం గదిలో కాకుండా ఇంట్లో ఉంచండి.